రోగం లేని కోడికి మందెందుకు?

“డాక్టరుగారూ, మా వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు కదండీ! కోళ్ళలోనూ గొడ్లలోనూ పెరిగిన మొండి క్రిములు మా కోడలి ఒంట్లోకి ఎలా వస్తాయండీ?”

మా వీధిలో నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆ క్షణంలో సరియైన సమాధానం చెప్పలేకపోయాను. గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ముప్పయి సంవత్సరాలకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని. వంటింటి చిట్కాలు మొదలుకొని శాస్త్రోక్త ఔషధాల వరకు నాకు తెలిసినంతలో పదిమందికీ చెబుతూ వచ్చినవాడిని. అయినా ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. చదివాను. తెలిసిన పశువైద్యులను అడిగాను. కోళ్ళఫారాలకు వెళ్ళి చూశాను. తెలుసుకొన్న విషయాలనూ, వాటిపై నా అభిప్రాయాన్నీ పాఠక మహాశయుల ముందుంచడం నా ధర్మమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా జరిగిన సంగతి చెప్పాలి. అందులో నా పొరపాటు కూడా ఉంది. దానిని దాచడం వైద్యధర్మం అనిపించుకోదు.

ఆ అమ్మాయికి మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళవలసి రావడం మొదలైంది. మాస్టారు నా వద్దకు తీసుకువచ్చారు. మూత్రకృచ్ఛ్రమని నిర్ణయించి పల్లేరుకాయల కషాయం, చంద్రప్రభావటి, పలుచని బార్లీ నీరు చెప్పాను. రెండు రోజులకు మంట కొంత తగ్గినట్లు అనిపించింది. మూడవనాడు చలితో, వణుకుతో జ్వరం వచ్చింది. నడుముకు ఒక ప్రక్కన పోటు మొదలైంది. అప్పుడే ఆమెను ఆసుపత్రికి పంపించి ఉండవలసింది. “ఇంకొక్కరోజు చూద్దాం” అన్నాను. ఆ ఒక్కరోజు ఆమె ప్రాణం మీదికి వచ్చింది. నాలుగవనాటి రాత్రి వాంతులతో, స్పృహ సరిగా లేని స్థితిలో ఆసుపత్రిలో చేర్చారు. క్రిమిదోషం మూత్రపిండాలకు ప్రాకింది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. మొదట ఇచ్చిన యాంటీబయాటిక్ ఇంజక్షన్ పనిచేయలేదు. దానిని మార్చి ఇచ్చిన రెండవదీ పనిచేయలేదు. మూడవనాడు మూత్రం కల్చర్ పరీక్ష ఫలితం వచ్చింది. మాస్టారు ఆ కాగితాన్ని నాకు చూపించారు. వరుసగా మందుల పేర్లు, ఒక్కొక్క పేరుకూ ఎదురుగా ఒక అక్షరం. ‘ఎస్’ అని ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ‘ఆర్’ అని ఉంటే లొంగదు. పైనుంచి క్రిందివరకు దాదాపు అన్నీ ‘ఆర్’లే. అట్టడుగున మూడు పేర్లకు మాత్రం ‘ఎస్’ కనిపించింది. వాటిలో ఒకదానిని పదిరోజులు నరానికి ఎక్కించిన మీదట ఆ అమ్మాయి బ్రతికి బయటపడింది.

ఇటువంటి మొండి క్రిములు ఆసుపత్రులలోనే కాక కోళ్ళలోనూ, పశువులలోనూ పెరుగుతున్నాయని అక్కడి వైద్యులు మాటల సందర్భంలో అన్నారట. ఆ మాటనుంచే మాస్టారి ప్రశ్న పుట్టింది.

భీమవరం బిడ్డడు – అమెరికా కోడిపిల్ల

యాంటీబయాటిక్ అంటే రోగికి ఇచ్చే మందు అని మనం అనుకొంటాం. రోగమే లేని కోడికి దాణాలో కలిపి దీనిని తినిపించే అలవాటు డెబ్బయి ఏళ్ళకు పైబడినది. దాని పుట్టుకలో మన తెలుగువాడి పేరు కూడా ఒకచోట వస్తుంది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య ముగించి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. ఆయుర్వేదంతో అంతటి సంబంధం ఉన్న ఆ మహనీయుడు 1923లో అమెరికా వెళ్ళి, అనంతరం లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన హయాములోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుంచి ఆరియోమైసిన్ అనే బంగారు వన్నె మందును వెలికితీశారు. 1948లో అది లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆ ప్రయోగశాలలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు కోడిపిల్లల ఆహారంపై పరిశోధన చేస్తున్నారు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిపోయే పిప్పిలో బి-12 విటమిన్ ఉంటుందని దానిని దాణాలో కలిపారు. కోడిపిల్లలు అనుకొన్న దానికంటె వేగంగా పెరిగాయి. విటమిన్ ఒక్కటే దానికి కారణం కాదనీ, పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందు కూడా వాటి బరువును పెంచుతున్నదనీ 1950 నాటికి తేలింది. 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుని చీటీతో పని లేకుండా దాణాలో యాంటీబయాటిక్ కలుపుకోవడానికి అనుమతించింది. నాటినుంచి అది లోకమంతా ప్రాకింది.

ఇందులో సుబ్బారావుగారి దోషం అణుమాత్రమూ లేదు. ఆయన తపన అంతా రోగిని బ్రతికించడానికే. రోగికోసం పుట్టిన మందు రోగం లేని కోడి బరువు పెంచడానికి దినుసుగా మారడమే ఇక్కడ జరిగిన అపచారం.

మందు తక్కువైనప్పుడే ముప్పు

దాణాలో కలిపేది కొద్దిపాటి మందే కదా, దానివలన నష్టమేమిటి అని కొందరు అడుగుతారు. ఆ ‘కొద్దిపాటి’లోనే ముప్పు ఉంది.

దీనిని పత్తి రైతు బాగా ఎరుగును. 1980ల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు పత్తిని ఎలా తినివేసిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకే జాతి మందును మళ్ళీ మళ్ళీ చల్లగా, లొంగే పురుగులు చచ్చాయి. లొంగనివి మిగిలి వాటి సంతానమే చేనంతా నిండింది. కోడి ప్రేగులలో జరిగేది కూడా ఇదే. కొద్దిపాటి మందు రోజూ తగులుతుంటే దానికి తట్టుకోగల క్రిములే బ్రతికి వృద్ధి చెందుతాయి. పురుగు తరం మారడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇ.కోలై వంటి ప్రేగుల క్రిమికి అనుకూల పరిస్థితులలో అరగంట చాలు.

పురుగుకు లేని మరొక శక్తి కూడా క్రిమికి ఉంది. మందును తట్టుకొనే రహస్యం ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరంవంటి జన్యుపదార్థంలో ఇమిడి ఉంటే, ఒక క్రిమి దాని నకలును ప్రక్క క్రిమికి అందించగలదు. అవి రెండూ ఒకే జాతివి కానవసరం లేదు. కోడి ప్రేగులలోని నిరపాయమైన క్రిమి నేర్చిన విద్య మనిషికి రోగం తెచ్చే క్రిమికి అందవచ్చు. అనేక మందుల రహస్యాలు ఒకే ఉంగరంలో ఉండటమూ కద్దు. అందువలననే ఒక మందును దుర్వినియోగం చేస్తే మరి నాలుగు మందులు కూడా చెడిపోతాయి.

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొంటూ చేసిన ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదు క్రిములను మొండివిగా తయారు చేస్తుందని హెచ్చరించారు. ఆ హెచ్చరికను లోకం విన్నది గాని పట్టించుకోలేదు.

ఈ మొండితనం కోడినుంచి మనిషికి చేరుతుందా? అమెరికాలో స్టువర్ట్ లెవీ అనే వైద్యుడు దీనిని పరీక్షించి 1976లో ఫలితాలు ప్రకటించారు. ఒక చిన్న ఫారంలో కోళ్ళకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. వారం తిరిగేసరికి ఆ కోళ్ళ ప్రేగులలోని ఇ.కోలై క్రిములు దాదాపు అన్నీ ఆ మందుకు లొంగనివిగా మారాయి. ఐదారు మాసాలకు ఆ ఫారంలో నివసించే మనుషుల మలపరీక్షలలోనూ మొండి క్రిములు ఇరుగుపొరుగువారికంటె చాలా ఎక్కువగా కనిపించాయి. వారు ఆ మందును ఒక్క మాత్ర కూడా మ్రింగలేదు.

బ్రిటన్‌లో 1969లోనే స్వాన్ సంఘం ఈ విషయమై నివేదిక ఇచ్చింది. మనుషుల చికిత్సకు అవసరమైన మందులను పశువుల బరువు పెంచడానికి వాడరాదని సూచించింది. స్వీడన్ 1986లో ఆ అలవాటును నిషేధించింది. 2006 జనవరి 1 నాటికి ఐరోపా సమాజమంతటా అది నిషిద్ధమైంది. స్వాన్ నివేదికనుంచి ఆ నిషేధం వరకు 37 సంవత్సరాలు పట్టింది. మంచిమాట చెప్పడానికీ, అది ఆచరణలోకి రావడానికీ మధ్య అంత దూరం ఉంది.

చిట్టచివరి మందు కూడా దాణాలోకి

కొలిస్టిన్ అనే మందు కథ వింటే ఈ విషాదం పూర్తిగా అర్థమవుతుంది. ఇది పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు దీనిని చాలాకాలం ప్రక్కన పెట్టారు. ఇతర మందులన్నీ విఫలం కావడంతో ప్రాణాపాయస్థితిలోని రోగులకు చిట్టచివరి ఆధారంగా మళ్ళీ బయటికి తీశారు. అదే కాలంలో అనేక దేశాలలో దానిని పందులకు, కోళ్ళకు దాణాలో టన్నులకొద్దీ కలుపుతున్నారు.

2015 నవంబరులో చైనా శాస్త్రజ్ఞులు ఒక భయంకరమైన విషయం ప్రకటించారు. కొలిస్టిన్‌ను తట్టుకొనే ఎం.సి.ఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్‌పై ఉండి, ఒక క్రిమినుంచి మరొక క్రిమికి సులభంగా ప్రాకుతున్నది. పందులలో, మాంసంలో, ఆసుపత్రిలోని రోగులలో కూడా అది దొరికింది. ఆ తరువాత వెదకినకొద్దీ అనేక దేశాలలో అది బయటపడింది.

చైనా 2017లో దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిలిపివేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో ఆహారానికై పెంచే పశుపక్ష్యాదులకు ఈ మందు వాడకాన్ని నిషేధించింది. నిషేధం వలన ఫలితం ఉంటుందా అని సందేహించేవారికి చైనా అనుభవమే సమాధానం. నిషేధానికి ముందు అక్కడ పందులనుంచి తీసి పరీక్షించిన ఇ.కోలై క్రిములలో సుమారు 34 శాతం కొలిస్టిన్‌కు లొంగనివిగా ఉండగా, 2018 నాటికి అది 5 శాతానికి పడిపోయింది. మనుషులలో కూడా తగ్గింది. చేసిన తప్పును మానుకొంటే ప్రకృతి కొంతవరకు మన్నిస్తుందని దీనివలన తెలుస్తున్నది.

కోళ్ళకిచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ సంగతి కూడా చెప్పాలి. అది పశువు దేహంలో కొంతవరకు సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. సిప్రో పేరు తెలియని మధ్యతరగతి ఇల్లు ఉండదు. ఒకప్పుడు టైఫాయిడ్‌కు బ్రహ్మాస్త్రంగా భావించిన మందు అది. కోళ్ళలో ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకం వలన మనుషులకు విరేచనాలు తెచ్చే కాంపైలోబాక్టర్ అనే క్రిమి మొండిదవుతున్నదని తేలడంతో, అమెరికా 2005లో కోళ్ళకు ఆ మందును నిలిపివేసింది.

మాస్టారి ప్రశ్నకు చరకుని సమాధానం

ఇక మాస్టారి ప్రశ్నకు వస్తాను. మాంసం ముట్టని ఇంటికి ఈ క్రిమి ఎలా వచ్చింది?

చరకసంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం అనే అధ్యాయం ఉంది. గంగాతీరాన కాంపిల్య నగర సమీపంలో ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి బోధించిన విషయమది. మనుషుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, వయస్సులు వేరు. అయినా జనపదమంతా ఒకేసారి రోగగ్రస్తం కావడానికి కారణమేమిటని అక్కడ చర్చ. గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివి గనుక అవి చెడితే అందరూ చెడుతారన్నది సారాంశం. క్రిములను సూక్ష్మదర్శినిలో చూడని కాలంలోనే ఉమ్మడి సొత్తు అనే భావాన్ని మన ఆచార్యులు గ్రహించారు.

మన డెల్టాను చూడండి. కోళ్ళఫారంలోని ఎరువు చేపల చెరువులలోకి, పొలాలలోకి, కూరగాయల మళ్ళలోకి పోతుంది. చెరువు నీరు కాలువలో కలుస్తుంది. అదే కాలువ నీటితో తోటకూర, కొత్తిమీర పండుతాయి. పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించి, ఆ పాలను మరునాడే కేంద్రానికి పోసేవారూ ఉన్నారు. ఫారంలో పనిచేసే కూలీ చేతులతో, బట్టలతో క్రిమి అతని ఇంటికి వెళ్తుంది. కోడిగుడ్డు ముట్టని వంటింట్లోకి కొత్తిమీర కట్ట వస్తుంది, పాల చెంబు వస్తుంది. మాస్టారి కోడలికి సోకిన క్రిమి ఏ దారిన వచ్చిందో ఎవరూ నిరూపించలేరు. దారులు అన్ని ఉన్నాయన్నదే నేను చెప్పదలచిన మాట.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. ఈ దోషంలో మనుషుల వాటా చాలా పెద్దది. జలుబుకు కూడా మందులషాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోవడం, జ్వరం తగ్గగానే సగంలో మానివేయడం, మిగిలిన మాత్రలు పొరుగువారికి ఇవ్వడం మన ఇళ్ళలో నిత్యం జరిగేవే. 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని క్రిముల వలన ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా. దీనికంతటికీ కోళ్ళే కారణమని నేననను. రెండు చిల్లులున్న కుండకు ఒక్క చిల్లు పూడ్చి ఊరుకొంటే నీరు నిలువదని మాత్రమే అంటాను.

విదేశీయుని పళ్ళెం – మన పళ్ళెం

గుడ్ల ఉత్పత్తిలోనూ, రొయ్యల పెంపకంలోనూ ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. ఇది మన రైతుల శ్రమఫలం, గర్వించదగినదే. సుబ్బారావుగారు పుట్టిన భీమవరమే ఈనాడు రొయ్యల వ్యాపారానికి పెద్ద కేంద్రం కావడం కాలం చేసిన చిత్రం.

మన రొయ్యలు ఐరోపాకు వెళ్ళినప్పుడు అక్కడి రేవులలో యాంటీబయాటిక్ అవశేషాలకై పరీక్షిస్తారు. 2016లో ఐరోపా సమాజం ఆ పరీక్షలను సరుకులో 10 శాతంనుంచి 50 శాతానికి పెంచింది. అవశేషాలున్న సరుకును త్రిప్పి పంపిన సందర్భాలు అనేకం. అందుచేతనే ఎగుమతి చేసే రైతు జాగ్రత్త నేర్చుకొన్నాడు. మన సంతలో, మన వీధిచివర దుకాణంలో అమ్మేదానికి ఆ కట్టుదిట్టంలో పదోవంతు కూడా కనిపించదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2014లో రాజధాని పరిసరాలనుంచి 70 కోడిమాంసం నమూనాలను పరీక్షించగా, 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి.

విదేశీయుని పళ్ళెంలోకి పోయే రొయ్యకు ఉన్న పరీక్ష మన బిడ్డ పళ్ళెంలోకి వచ్చే గుడ్డుకు ఎందుకు ఉండకూడదు? నా అభిప్రాయంలో ఈ చర్చ అంతటికీ మూలం ఈ ప్రశ్నే.

చట్టం లేదని కాదు. పశువులకిచ్చే మందుల సీసాపై, ఆ మందు వాడిన తరువాత పాలు, గుడ్లు, మాంసం ఎన్ని రోజులు ఆహారంగా వాడరాదో ముద్రించాలని 2012లో నియమం చేశారు. ప్రత్యేకంగా గడువు నిర్ణయించని మందులకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, మాంసం విషయంలో 28 రోజులు అని వ్రాశారు. ఆ అక్షరాలు సీసా మీదనే ఉండిపోతున్నాయి.

రైతును నిందించడం తేలిక. ఒక ఫారం యజమాని నాతో అన్నమాట ఇది: “డాక్టరుగారూ, ఒక్కరోజు రోగం తగిలితే షెడ్డు మొత్తం ఊడ్చుకుపోతుందండీ. బ్యాంకు అప్పు కోడిని చూసి ఇచ్చారు గాని నన్ను చూసి కాదు.” ఆ భయం నిజమైనది. ఇరుకు షెడ్డు, వేసవి ఎండ, దాణా ధర, దళారి బేరం – ఇన్నింటి మధ్య మందు అతనికి ఒక బీమాలాగా కనిపిస్తుంది. డెన్మార్క్‌లో 1990ల చివర పందులకు ఈ అలవాటు మాన్పించినప్పుడు మొదట పాలు మరచిన పిల్లలలో విరేచనాలు పెరిగి, చికిత్సకై మందులు కొంత ఎక్కువగా వాడవలసి వచ్చింది. కాని శుభ్రత, గాలి, స్థలం, టీకాలు మెరుగుపరచుకొన్నాక వారి పందుల ఉత్పత్తి తగ్గలేదు సరికదా పెరిగింది. రోగం రాకుండా చూసే పద్ధతికి మొదట ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును రైతు ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం. ప్రభుత్వం కొంత, వినియోగదారుడు కొంత మోయాలి.

ఆయుర్వేదం చేయగలిగినది, చేయలేనిది

ఈ పత్రిక పాఠకులలో కొందరు, “యాంటీబయాటిక్‌లు పనిచేయకపోతే మనకేమి, మన మూలికలున్నాయి గదా” అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొన్నాను. ఆ అమ్మాయి జ్వరం నా కళ్ళు తెరిపించింది. పసుపు, వేప, తులసి మన దేహబలాన్ని కాపాడడానికి, చిన్న చిన్న బాధలకు అక్కరకు వస్తాయి. రక్తానికి, మూత్రపిండాలకు ఎక్కిన క్రిమిదోషానికి ఈనాటికీ యాంటీబయాటిక్ తప్ప వేరే దిక్కు లేదు. మూలికలను నమ్ముకొన్న వైద్యుడికి కూడా తన రోగిని పంపడానికి ఆ తలుపు తెరచి ఉండాలి. అది మూసుకుపోతే అందరికంటె ముందు నష్టపోయేది, ఆలస్యంగా ఆసుపత్రికి చేరే మనవంటివారి రోగులే.

ఆయుర్వేదం నిజంగా తోడ్పడగల చోటు పశువుల పాక. మనకు పశువైద్య సంప్రదాయం కొత్త కాదు. పాలకాప్యుని హస్త్యాయుర్వేదం ఏనుగుల వైద్యానికే ప్రత్యేకించిన గ్రంథం. ఈ కాలంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పశువులకు మూలికా చికిత్సలను పాలరైతుల మధ్య ప్రచారం చేస్తున్నది. పొదుగువాపుకు వారు చెప్పే మందు మన పెరటిదే: 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి, కొద్దిగా తీసుకొని నీటితో పలుచన చేసి, పాలు పూర్తిగా పిండివేసి కడిగిన పొదుగుకు రోజుకు ఎనిమిది పది పర్యాయాలు చొప్పున ఐదు రోజులు పూయాలి. ఆరంభదశలో ఇటువంటివి ఉపకరిస్తే ఆ మేరకు యాంటీబయాటిక్ వాడకం తగ్గుతుంది. పశువుకు జ్వరం వచ్చినా, పాలలో రక్తం, గడ్డలు కనిపించినా, మేత మానివేసినా వెంటనే పశువైద్యుని పిలవవలసిందే. రోగమున్న పశువుకు మందు ఇవ్వవద్దని ఎవరూ అనరు. రోగం లేనిదానికి ఎందుకన్నదే ప్రశ్న.

గృహస్థులకు కొన్ని సూచనలు

1. పాలు తప్పక పొంగించి కాచాలి. పచ్చిపాలతో చేసే చిట్కాలు మానుకోవాలి. మొండి క్రిమి అయినా మంటకు లొంగుతుంది. మందు అవశేషాలు మాత్రం కాచినంత మాత్రాన పూర్తిగా పోవని గుర్తుంచుకోవాలి.

2. బలానికని పచ్చిగుడ్డు పాలలో కలిపి త్రాగించే అలవాటు మంచిది కాదు. గుడ్డును ఉడికించే తినాలి.

3. మాంసాహారులు పచ్చిమాంసం కోసే కత్తిని, పలకను కూరగాయలకు వాడరాదు. మాంసాన్ని లోపలివరకు ఉడకనివ్వాలి. తాకిన చేతులను వెంటనే సబ్బుతో కడుక్కోవాలి.

4. కొత్తిమీర, పుదీనా, తోటకూర మొదలైనవి ధారగా పడే మంచినీటిలో రెండు మూడుసార్లు కడగాలి. పచ్చి ఆకురసాలు సేవించేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

5. పెరటి మొక్కలకు పచ్చి కోళ్ళ ఎరువు వేయరాదు. బాగా మాగిన ఎరువునే వాడాలి.

6. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను ఆవుకు, కుక్కకు, కోడికి వేయరాదు. మనుషులకు కూడా వైద్యుని చీటీ లేనిదే వాడరాదు. వైద్యుడు చెప్పినన్ని రోజులు మానకుండా వాడాలి.

7. మూత్రంలో మంటకు చలిజ్వరం, నడుము ప్రక్కన పోటు, వాంతులు తోడైతే కషాయాలతో కాలయాపన చేయరాదు. గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహమున్నవారు మొదటిరోజే వైద్యుని చూడాలి. కల్చర్ పరీక్ష అవసరమా అని అడగాలి.

8. గుడ్లు, కోడిమాంసం కొనేచోట, “దాణాలో మందు కలుపుతారా?” అని అడగాలి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. వీధివీధంతా అడిగితే సమాధానం వెదుక్కొంటారు.

ఈమధ్య ఒక ఉదయం మాస్టారి ఇంటి ముందునుంచి వెళ్తూ ఒక సంభాషణ విన్నాను. పాలు పోయడానికి వచ్చినతనిని ఆయన అరుగు మీద నిలబెట్టి అడుగుతున్నారు: “ఏమయ్యా, గేదెకు సూది వేయించావా?”

“వేయించానండీ, మొన్ననే. పొదుగు వాచిందండీ.”

“మంచిపని చేశావు. పశువుల డాక్టరుగారు ఎన్నాళ్ళు చెబితే అన్నాళ్ళు ఆ గేదె పాలు మాకు వద్దు. ఇంకెవరికీ పోయవద్దు. మా వాటా డబ్బులు మాత్రం ఆపనులే.”

అతడు ఆశ్చర్యపోయి తల ఊపాడు. లోపల వాకిట్లో కోడలు ముగ్గు వేస్తున్నది. మాస్టారు నన్ను చూసి, “ఇన్నాళ్ళకు మీరు చెప్పింది అర్థమైందండీ” అన్నారు. నాకు అర్థమయ్యేలా చేసింది ఆయన ప్రశ్నే. ఆ మాట ఆయనతో చెప్పి, కుండలోని రెండు చిల్లులలో ఒకదానికి మా వీధిలో మట్టి పడిందన్న తృప్తితో ముందుకు కదిలాను.